పాత క్రిస్టల్ స్కానర్ కొనేవారికి హెచ్చరిక: దీపాలు పరుగెత్తుతున్నాయి కదా అని నమ్మకండి

తమ మొదటి స్కానర్ రిసీవర్‌ను (చానళ్లను వరుసగా వెతుకుతూ, మాట దొరికిన చోట ఆగే రేడియోను) తలచుకొని, అదే నమూనా ఎక్కడైనా దొరికితే మళ్లీ కొనుక్కోవాలని చూస్తున్నవారి కోసం ఇది రాస్తున్నాను. నేను అలాగే కొని మోసపోయాను. నేను తిప్పి పంపిన సెట్టే ఇప్పుడు మళ్లీ అమ్మకానికి వచ్చింది.

నా మొదటి స్కానర్ ఎనిమిది చానళ్ల క్రిస్టల్ సెట్. అంకెల మీటలు నొక్కి ఫ్రీక్వెన్సీ ఎంచుకునే సదుపాయం దానికి లేదు. ఏ చానల్ వినాలన్నా దానికి తగిన క్రిస్టల్‌ను, అంటే ఫ్రీక్వెన్సీని నిర్ణయించే చిన్న స్ఫటిక ముక్కను, విడిగా తెప్పించుకొని లోపలి సాకెట్‌లో గుచ్చాలి. చాలాకాలం నా దగ్గర మూడే క్రిస్టళ్లు ఉండేవి కాబట్టి, మిగిలిన ఐదు చానళ్లను స్విచ్‌లతో పక్కన పెట్టి, ఆ మూడు ఎర్ర దీపాలు వంతులవారీగా వెలిగి ఆరుతుంటే చీకట్లో కూర్చొని చూస్తుండేవాణ్ని. ఉన్నట్టుండి ఒక దీపం దగ్గర పరుగు ఆగి, ఎవరిదో గొంతు మాట మధ్యలోంచి మొదలయ్యేది. ఇన్నేళ్ల తర్వాత అదే నమూనా ప్రకటన కనిపించగానే నా వివేకం ఎటు పోయిందో మీరు ఊహించుకోగలరు.

ప్రకటనలో 'చక్కగా పనిచేస్తుంది' అని ఉంది. రుజువుగా ఒక చిన్న వీడియో కూడా పెట్టారు: ఎనిమిది దీపాలూ వరుసగా పరుగెత్తుతున్నాయి, స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు స్పీకర్‌ను మూసి ఉంచే ఏర్పాటు) నాబ్ తిప్పగానే స్పీకర్ నిండా హోరు వస్తోంది. నాకు అంతకుమించి అడగాలని తోచలేదు. సెట్ ఇంటికి చేరాక మూడు రోజులు ఏ దీపం దగ్గరా పరుగు ఆగలేదు. పక్కనే పెట్టిన మరో రిసీవర్‌లో అదే ఫ్రీక్వెన్సీ మీద మాటలు స్పష్టంగా వినిపిస్తుంటే, ఇది మాత్రం ఏమీ ఎరగనట్టు తిరుగుతూనే ఉంది.

ఇక్కడే కొనేవారు గ్రహించవలసిన విషయం ఉంది. సిగ్నల్ దొరికి స్క్వెల్చ్ తెరుచుకున్నప్పుడే స్కానర్ ఆగుతుంది. ఏ సిగ్నలూ అందకపోతే ఆగవలసిన పనే లేదు. అందువల్ల పూర్తిగా చెవుడు వచ్చిన సెట్, బాగున్న సెట్ కంటే నిరాటంకంగా, చూడముచ్చటగా స్కాన్ చేస్తుంది. హోరు కూడా సాక్ష్యం కాదు. ఎఫ్‌ఎం రిసీవర్‌లో సిగ్నల్ లేనప్పుడు వినిపించే ఆ శబ్దాన్ని ప్రధానంగా ఇంటర్మీడియట్ ఫ్రీక్వెన్సీ (అందిన సిగ్నల్‌ను రిసీవర్ లోపల మార్చుకునే స్థిరమైన ఫ్రీక్వెన్సీ) దశలూ వాటి వెనుక ఉన్న లిమిటర్, డిటెక్టరే పుట్టిస్తాయి కాబట్టి, యాంటెన్నా పక్కనున్న మొదటి ట్రాన్సిస్టర్ కాలిపోయినా హోరు దాదాపు అదే జోరుతో వస్తుంది. నేను మూత విప్పి, ఆ మొదటి దశను దాటిన చోట చిన్న తీగ ముక్కను తాకించి చూస్తే దగ్గరి ప్రసారం వెంటనే పలికింది. పిడుగు పడినప్పుడు వచ్చిన విద్యుత్తు వల్లనో, పక్కనే పెట్టిన ట్రాన్స్‌మిటర్ వల్లనో ఆ ట్రాన్సిస్టర్ పోయి ఉంటుంది. అంతటితో ఆగితే క్షమించేవాణ్నే, కానీ ఎవరో బాగుచేయబోయి ట్యూనింగ్ కాయిళ్ల ఫెరైట్ కోర్లను స్క్రూడ్రైవర్‌తో తిప్పి, రెండింటిని చిట్లగొట్టారు.

క్రిస్టళ్ల విషయంలో జరిగింది ఇంకా సూక్ష్మమైన మోసం, లేదా అజ్ఞానం. ఏదో నేను తేల్చలేను. ఈ సెట్ల ఇంటర్మీడియట్ ఫ్రీక్వెన్సీ అందరు తయారీదారులకూ ఒకటి కాదు: కొందరిది 10.7 మెగాహెర్ట్జ్, కొందరిది 10.8. క్రిస్టల్‌ను ఆ ఫ్రీక్వెన్సీని లెక్కలోకి తీసుకొనే కోస్తారు, డబ్బా మీద మాత్రం సాధారణంగా మనం వినే ఫ్రీక్వెన్సీనే ముద్రిస్తారు. 155.250 మెగాహెర్ట్జ్ వినడానికి 10.7 సెట్ కోసం కోసిన క్రిస్టల్‌ను 10.8 సెట్‌లో గుచ్చితే, అది 155.350 మీద వింటుంది. వంద కిలోహెర్ట్జ్ తేడా అంటే పక్క చానల్ కూడా కాదు, ఎక్కడో అవతల. నాకు 'క్రిస్టళ్లతో సహా' అని పంపిన ఎనిమిదింటిలో ఐదు ఇలా మరో జాతి సెట్‌కు చెందినవే. కాబట్టి క్రిస్టళ్లు ఉన్నాయన్న మాటకు సంతోషించక, అవి ఏ నమూనా కోసం కోసినవో అడగండి.

బ్యాటరీ అర తెరిచిన ఫొటో తప్పక అడగండి; ఆకుపచ్చ పొడి కనిపిస్తే క్షారం తీగల లోపలికి కూడా పాకి ఉండవచ్చు.

అంకెల మీటలున్న తర్వాతి తరం సెట్లు కొనేవారికి వేరే వల ఉంది. 300 చానళ్ల రియలిస్టిక్ ప్రో-2004 వంటి సెట్లకు 'పూర్తి కవరేజీ తెరిచాం' అని గొప్పగా చెప్పి ఎక్కువ ధర అడుగుతారు. ఆ సెట్‌లో డి-513 అనే డయోడ్‌ను కత్తిరిస్తే 800 మెగాహెర్ట్జ్ ప్రాంతంలోని పాత సెల్‌ఫోన్ల భాగం తెరుచుకునే మాట నిజమే. కానీ అమెరికాలో ఆ అనలాగ్ సేవను కొనసాగించాలన్న నిబంధనే 2008 ఫిబ్రవరిలో తొలగిపోయింది. అక్కడ వినడానికి ఇప్పుడేమీ మిగల్లేదు. చేయి తిరగనివాడు పెట్టిన టంకం మచ్చకు అదనంగా డబ్బు ఎందుకివ్వాలి? 'పోలీసు మాటలన్నీ వినిపిస్తాయి' అన్న మాటనూ నమ్మకండి. పీ25, టెట్రా, డీఎంఆర్ వంటి డిజిటల్ పద్ధతులకు మారిన చోట ఈ పాత సెట్లలో గరగర తప్ప మరేమీ రాదు. పైగా కొన్ని దేశాల్లో ఆ సంభాషణలు వినడమే నేరం.

వీడియో అడిగేటప్పుడు దీపాలు కాదు, ఒకే చానల్ మీద ఆగి ఉన్న నిజమైన ప్రసారం చూపించమనండి. విమాన బ్యాండ్ ఉన్న సెట్ అయితే, విమానాశ్రయం ఆగకుండా పలికే వాతావరణ సమాచారం ఇందుకు సరిపోతుంది. ఆ తర్వాత యాంటెన్నా ఊడదీసి చూపించమనండి. మాట బలహీనపడాలి లేదా పోవాలి.

అమ్మినవారికి ఇవన్నీ రాస్తే వచ్చిన జవాబు ఇది: 'దీపాలు తిరుగుతాయని చూపించాను, తిరుగుతున్నాయి కదా.' చాలా వాదన తర్వాత, రానుపోను రవాణా ఖర్చు నా మీదే వేసి మిగతా సొమ్ము తిరిగి ఇచ్చారు. రెండు వారాలకే అదే వీడియోతో, అవే మాటలతో ప్రకటన మళ్లీ వెలిసింది. గుర్తుపట్టడం తేలిక: ఎడమ నుంచి మూడో దీపం మిగిలిన వాటికంటే వెలవెలబోతుంది, స్క్వెల్చ్ నాబ్ మీది తెల్ల గీత సగం చెరిగిపోయి ఉంటుంది.