డాలస్ ఎండకు సెల్యులోజ్ ఇన్సులేషన్: కొన్నేళ్ల వాడకం తర్వాత

డాలస్ పక్కనున్న ప్లేనోలో మేము కొన్న ఇల్లు 1990ల నాటిది. ఆటిక్‌లో, అంటే పైకప్పుకు, గదుల సీలింగ్‌కు మధ్య ఉండే ఖాళీలో, అప్పట్లో పరిచిన గులాబీ రంగు ఫైబర్‌గ్లాస్ (గాజు పీచు) అణిగిపోయి 3 అంగుళాలు మిగిలింది. జూలై సాయంత్రాల్లో ఏసీ ఆగకుండా తిరుగుతున్నా పై అంతస్తులో పిల్లల గది చల్లబడేది కాదు. ఇక్కడ ఇల్లు కొనే మనవాళ్లు వాకిలి ఏ దిక్కున ఉంది, పూజ గదికి చోటుందా అని ఆరా తీస్తారు కానీ, ఆటిక్ నిచ్చెన దించి పైకెక్కి చూసేవారు తక్కువ.

2018లో పాత పొర మీదే సెల్యులోజ్ పోయించాను. పాత వార్తాపత్రికల కాగితాన్ని తురిమి, నిప్పు అంటుకోకుండా, పురుగు చేరకుండా బోరేట్ కలిపి తయారుచేస్తారు. వేడిని ఎంత ఆపుతుందో చెప్పే ఆర్ విలువ అంగుళానికి సుమారు 3.5. విడిగా పోసే ఫైబర్‌గ్లాస్‌కు 2.5 దాకా వస్తుంది. పాత పొర 3, 4 అంగుళాలు ఉన్న ఇంటికి మా ప్రాంతంలో ఎనర్జీ స్టార్ (ఇంధన పొదుపు కోసం అమెరికా ప్రభుత్వం నడిపే కార్యక్రమం) సూచించేది ఆర్-38, అంటే దాదాపు 11 అంగుళాల సెల్యులోజ్.

ధర చెప్పడానికి వచ్చిన ఒక కాంట్రాక్టర్ స్ప్రే ఫోమ్ (చల్లగానే ఉబ్బి గట్టిపడే నురగ) తప్ప వేరే మాట ఎత్తలేదు. అంగుళానికి ఆర్ విలువ ఎక్కువేనని, గాలి కూడా ఆగుతుందని అన్నాడు. గట్టి రకం ఫోమ్ విషయంలో అది నిజమే. కానీ టెక్సస్‌లో చాలా ఇళ్లకున్నట్టే ఇంటిని వెచ్చబరిచే మా గ్యాస్ ఫర్నేసు, వేడినీళ్ల ట్యాంకు రెండూ ఆటిక్‌లోనే ఉన్నాయి. అవి మండడానికి కావలసిన గాలి ఆటిక్ నుంచే తీసుకుంటాయి. పైకప్పు చెక్కలకు ఫోమ్ కొట్టి ఆటిక్‌ను మూసేస్తే వాటికి గాలి ఎక్కడిది? వాటినీ మార్చాలి. ఆ సంగతి నేను అడిగేదాకా ఆయన నోట రాలేదు. ధర కూడా సెల్యులోజ్‌కు కొన్ని రెట్లు. నమస్కారం పెట్టి పంపేశాను.

అసలు ఫలితం ఏ సరుకు పోశామన్నదాని కంటే, పోసే ముందు కన్నాలు మూశామా లేదా అన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతుందని నా అభిప్రాయం. వైర్లు దిగే రంధ్రాలు, బాత్రూం ఫ్యాను చుట్టూ సందు, గోడల పైచట్టాల అతుకులు: ఇలాంటి చోట్ల పాత ఫైబర్‌గ్లాస్ దుమ్ము పట్టి నల్లబడి ఉంది. గాలి కారుతున్న జాగాలకు అవే గుర్తులు. వాటిని డబ్బా ఫోమ్‌తో మూశాం. ఫర్నేసు పొగగొట్టం దగ్గర మాత్రం ఫోమ్ పనికిరాదు, రేకు కొట్టి వేడికి తట్టుకునే సీలెంట్ పూయాలి. చూరు కింది గాలి రంధ్రాలు సెల్యులోజ్‌తో పూడిపోకుండా అడ్డలు పెట్టించాలి. ఆటిక్ నిచ్చెన తలుపు మీద మూత లేకపోతే చేసిన పనిలో కొంత వృథా.

పిల్లల గదికి, కింది హాలుకు మధ్య తేడా ఇప్పుడు పెద్దగా తెలియదు. మధ్యాహ్నాలు ఏసీ మధ్యమధ్యలో ఆగుతోంది. బిల్లు తగ్గింది కానీ, సేల్స్ వాళ్లు ఊరించినట్టు సగానికి పడిపోలేదు. ఏసీ గొట్టాలు ఆ వేడి ఆటిక్‌లోనే ఉన్నంతకాలం పడిపోదు కూడా. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో కరెంటు పోయినప్పుడు మాత్రం సెల్యులోజ్ విలువ తెలిసింది. ఇల్లు చల్లబడింది, కానీ నెమ్మదిగా.

ఇబ్బందులూ ఉన్నాయి. పోసిన రోజు దుమ్ము ఇంట్లోకీ దిగింది. వైర్ల జంక్షన్ పెట్టెలన్నీ మునిగిపోయాయి. పోయడానికి ముందే ఫొటోలు తీసి పెట్టుకోవడం చాలా మేలైంది. ఇంటర్నెట్ కేబుల్ వేయడానికి వచ్చినతను అడుగులు వేసిన దారి పొడవునా ఒక కాలువ పడింది. కింది గదిలో సీలింగ్‌కు లేజర్ థర్మామీటర్ పెడితే సరిగ్గా ఆ గీత మీదే వేడి ఎక్కువగా చూపించింది. చేత్తో సర్దాక మామూలైంది.

ఒక వసంతంలో వడగళ్లు పడి పైకప్పు షింగిల్స్ (కప్పు పలకలు) దెబ్బతిని నీరు కారింది. తడిసిన చోట సెల్యులోజ్ ముద్దకట్టింది. పారతో ఎత్తి పారేసి కొత్తది పోయవలసి వచ్చింది. ఫైబర్‌గ్లాస్ అయితే ఆరేదేమో. అయినా సీలింగ్ మీద మరక వెంటనే కనబడింది. కప్పుకు అంటుకున్న ఫోమ్ వెనక నీరు చేరితే అంత త్వరగా బయటపడదు.

మీ ఇల్లు 1990కి ముందుదై, పైన బూడిద రంగులో మెరిసే గులకల్లాంటి వెర్మిక్యులైట్ కనిపిస్తే మాత్రం కదపకండి. అందులో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. ఇన్సులేషన్ ఖర్చు మీద ఇచ్చే ఫెడరల్ పన్ను తగ్గింపు 2025 డిసెంబరు 31తో ముగిసింది కనుక, దాన్ని కలిపి ధర చెప్పేవారి లెక్క నమ్మకండి.

ఒప్పందం రాసుకునేటప్పుడు అంగుళాలతో సరిపెట్టుకోవద్దు. మిషన్‌లో గాలి ఎక్కువ పెట్టి పోస్తే ఆ రోజు 12 అంగుళాలు కనిపిస్తుంది, తర్వాత దిగిపోతుంది. మామూలుగా పోసినా కొంత అణుగుతుంది, మా దూలాలకు కొట్టిన కాగితపు స్కేళ్ల మీద ఆ తేడా ఇప్పటికీ కనబడుతుంది. 1000 చదరపు అడుగులకు ఎన్ని బస్తాలు పోయాలో బస్తా మీదే అచ్చు వేసి ఉంటుంది. ఆ సంఖ్యను ఒప్పందంలో రాయించాను, పని అయ్యాక వాకిట్లో ఖాళీ సంచులు లెక్కపెట్టాకే చెక్కు ఇచ్చాను.