డైనోసార్ల అంతం: మలబద్ధకమా, గొంగళిపురుగులా?

డైనోసార్ల అంతానికి చెప్పిన కారణాల్లో నవ్వు పుట్టించేవి రెండున్నాయి. విరేచనకారి నూనెలున్న ఫెర్న్ మొక్కలు తగ్గి, పూలమొక్కలు పెరగడంతో మలబద్ధకం వచ్చి అవి చనిపోయాయన్నది మొదటిది. అయితే పూలమొక్కలు 13 కోట్ల ఏళ్ల క్రితమే ఉండగా, డైనోసార్లు అంతరించింది 6.6 కోట్ల ఏళ్ల క్రితం. పైగా కెనడాలోని సస్కాచెవాన్‌లో దొరికిన టైరనోసార్ శిలామలం (శిలాజంగా మారిన మలం) 44 సెంటీమీటర్ల పొడవున, నలిగిన ఎముక ముక్కలతో నిండి ఉంది. ఆ మాంసాహారికైనా ఈ ఇబ్బంది లేదనే నాకనిపిస్తుంది.

గొంగళిపురుగులు ఆకులన్నీ తినేయగా శాకాహారులు, వాటి వెనుకే మాంసాహారులు ఆకలితో చనిపోయాయని 1962లో కీటక శాస్త్రవేత్త ఫ్లాండర్స్ ప్రతిపాదించారు. ఆహారపు గొలుసు నిజంగానే తెగింది కనుక నా మొగ్గు దీనివైపే. కాకపోతే దాన్ని తెంపింది పురుగులు కావు, మెక్సికోలోని యుకటాన్ వద్ద పడిన గ్రహశకలం లేపిన ధూళి సూర్యకాంతిని అడ్డుకోవడమే. సముద్రంలో చుట్టలు తిరిగిన గుల్లలతో బతికిన అమ్మోనైట్లు కూడా అప్పుడే ఎందుకు అంతరించాయో ఈ రెండు వాదనలూ చెప్పలేవు.