9 ఏళ్ల పని తరువాత ఆశా శిక్షణ, ధ్రువపత్రంపై నా సమీక్ష

గుంటూరు పాతబస్తీలోని ఒక పట్టణ ఆరోగ్య కేంద్రం పరిధిలో నేను ఆశా కార్యకర్తగా 9 ఏళ్లు పూర్తిచేశాను. ప్రారంభ శిక్షణ తరువాత 6, 7 మాడ్యూళ్లను (శిక్షణ పుస్తకాలను) విడతకు 5 రోజుల చొప్పున 4 విడతల్లో, అంటే మొత్తం 20 రోజులు నేర్చుకుని, రాతపరీక్షా ప్రాక్టికలూ పూర్తిచేసి ధ్రువపత్రం అందుకున్నాను. ఈ శిక్షణ ఇళ్లకు వెళ్లినప్పుడు ఎంతవరకు పనికొస్తుందని కొత్తగా చేరినవారు తరచూ అడుగుతుంటారు కనుక, నాకు తెలిసినంతవరకు వివరంగా రాస్తున్నాను.

చేతులకు పని అలవాటు చేయడంలో ఈ శిక్షణ చాలా గట్టిది. చంటిబిడ్డను తూచేటప్పుడు ముందుగా ఉయ్యాల గుడ్డను కొక్కేనికి తగిలించి, ముల్లును సున్నా దగ్గరకు తెచ్చి, ఆ తరువాతే బిడ్డను పడుకోబెట్టాలని బొమ్మతో పదేపదే చేయించారు. గుడ్డ బరువు కలిసిపోతే 2.4 కిలోల బిడ్డ 2.5 కిలోలు దాటినట్టు కనబడుతుంది. తక్కువ బరువుతో పుట్టిందని ప్రత్యేకంగా కనిపెట్టుకోవలసిన పసికందు మన పుస్తకంలో మామూలు బిడ్డగా నమోదవుతుంది. ఊపిరిని పూర్తి నిమిషం లెక్కపెట్టాలనీ, 2 నెలలలోపు బిడ్డకు 60 లేదా అంతకు మించి వస్తే మరోసారి లెక్కించి చూసుకోవాలనీ కూడా అక్కడే నేర్చుకున్నాను. ఆసుపత్రిలో కాన్పయిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో చూడాలన్న వరుస ఇప్పుడు నాకు క్యాలెండరు చూడకుండానే గుర్తుంటుంది.

లోటంతా మాట దగ్గరే ఉంది. నా రెండో ఏడాదిలో 28వ రోజు సందర్శనకు వెళ్లి, "బిడ్డకు ఛాతీ లోపలికి లాక్కుపోవడం ఉందా?" అని పుస్తకంలో ఉన్నట్టే అడిగితే, అలాంటిదేమీ లేదని అమ్మమ్మ చెప్పింది. నేను సంచి సర్దుకుంటుండగా ఆమె, "రాత్రి నుంచి కాస్త డొక్కలు ఎగరేస్తున్నాడమ్మాయ్, జలుబేలే" అంది. వెంటనే చొక్కా పైకెత్తి గడియారం పెట్టి లెక్కిస్తే 68 వచ్చింది, మళ్లీ లెక్కించినా 60 దాటింది. ఆ గంటలోనే బిడ్డను పెద్దాసుపత్రికి పంపించాం, కోలుకున్నాడు. నేను అడిగిందీ ఆమె చెప్పిందీ ఒకే లక్షణం గురించి. ఆ రోజు నుంచి శిక్షణ పుస్తకం అంచుల్లో ప్రతి లక్షణం పక్కన మా వీధిలో అనే మాట రాసుకున్నాను: రక్తహీనతకు "రక్తం తక్కువ", నిర్జలీకరణకు "కళ్లు గుంటలు పడటం", ఇలా ఆ పట్టిక పెరుగుతూ వచ్చింది.

2018 మార్చిలో గుంటూరులో అతిసారం ప్రబలినప్పుడు నాకు అన్నిటికంటే అక్కరకొచ్చింది ఆ పట్టికే. ఓఆర్‌ఎస్ పొట్లం మొత్తాన్ని లీటరు నీటిలో ఒకేసారి కలపాలన్నది మాకు నేర్పిన పాఠం, కానీ ఇళ్లల్లో గ్లాసుకు కాస్త చొప్పున కలుపుతున్నారు. "లీటరు" అని చెబితే తలూపేవారే తప్ప కొలిచేవారు కారు. లీటరు మంచినీళ్ల సీసా చేతికిచ్చి, నా ఎదుటే పొట్లం మొత్తం అందులో పోయించిన తరువాత పొరపాటు తగ్గింది. విరేచనాలు ఆగిపోయినా జింకు మాత్రలు 14 రోజులు వేయాలని ఒప్పించడం మాత్రం నేటికీ కష్టమే.

మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్లే తల్లుల దగ్గర చేతుల శుభ్రత గురించి క్రిములతో మొదలుపెట్టను. ఘాటు పోవడానికి వాళ్లు ఎలాగూ చేతులు కడుగుతారు, ఆ కడగడానికే సబ్బును, బిడ్డకు పాలిచ్చే ముందరి వేళను జోడిస్తాను. ఇటువంటి ఉపాయం ఏ మాడ్యూలులోనూ కనబడదు.

ధ్రువపత్రం విషయంలో నాకు నిజంగా బాధ ఉంది. ముర్రుపాల ప్రయోజనాలు రాయమని పరీక్షలో అడిగారు, రాశాను. ముర్రుపాలు పిండి పారబోయాలని పట్టుబట్టే అత్తగారిని కోడలి ముందు చిన్నబుచ్చకుండా ఒప్పించగలనా అన్నది మాత్రం ఎవరూ పరీక్షించలేదు, మా ఉద్యోగంలో సగం అదే అయినా. పైగా పత్రం చేతికందాక ఆ నైపుణ్యాలను మళ్లీ ఎవరూ తనిఖీ చేయలేదు. అయినా అవకాశం వచ్చినవారు 20 రోజులూ తప్పక కూర్చోండి, ఒక్క పూట కూడా మానకండి. మీ వీధి మాటలు రాసుకోవడానికి మాత్రం ఒక నోటుపుస్తకం వెంట తీసుకెళ్లండి.

ప్రస్తుతం మా కేంద్రంలో నెలనెలా ఆశా డే (ఆశా కార్యకర్తలంతా కలిసే సమావేశం) రోజున మేమే బొమ్మనూ త్రాసునూ బయటకు తీసి ఒకరి పని ఒకరం చూసుకుంటున్నాం. పోయిన నెల ఏడుగురిలో ఇద్దరు ముల్లును సున్నాకు తేకుండానే తూచారు, వారిలో ఒకరు నాకంటే ముందు ధ్రువపత్రం పొందినవారు.