కథా, బొమ్మా, ఆటా: చిన్నపిల్లలతో దేనితో మొదలుపెట్టడం మేలు?

వారాంతాల్లో చిన్నపిల్లలతో కూర్చుంటానని తెలిసినవాళ్ళు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "మా పాపకి ఐదేళ్ళండీ. కథలు రాయించమంటారా, డ్రాయింగ్ క్లాసులో చేర్చమంటారా, ఊరికే ఆడుకోనివ్వమంటారా?" మూడోది అడిగేటప్పుడు గొంతులో కాస్త మొహమాటం వినిపిస్తుంది, ఆట అంటే చదువు ఎగ్గొట్టడమే అన్నట్టు.

రాస్తే భాష వస్తుంది, బొమ్మలు వేస్తే చెయ్యి కుదురుతుంది, ఆడితే నలుగురితో కలుస్తారు. ఇవన్నీ తెలిసినవే. నేను మాత్రం ఒక్కటే చూస్తాను: పెద్దవాళ్ళు లేచి వెళ్ళిపోయాక పిల్లలు ఆ పని కొనసాగిస్తారా, మానేస్తారా? మనం వారానికి ఓ గంట కూర్చుంటాం. మిగతా సమయమంతా వాళ్ళదే కదా.

1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు సరిగ్గా దీన్నే కొలిచారు. మూడు నుంచి ఐదేళ్ళ వయసు పిల్లల్లో, రంగు మార్కర్లతో బొమ్మలు వేయడమంటే ముందునుంచే ఇష్టపడేవాళ్ళను ఎంచుకున్నారు. బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని కొందరికి ముందే చెప్పారు. కొందరికి ముందు చెప్పకుండా చివర్లో ఇచ్చారు. మిగిలినవాళ్ళకి ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ళ తర్వాత అవే మార్కర్లు తరగతిలో పెట్టి ఎవరిష్టానికి వాళ్ళను వదిలేస్తే, ముందే బహుమతి మాట విన్న పిల్లలు మిగతావాళ్ళు గడిపిన దాంట్లో సగం సమయమే బొమ్మల మీద గడిపారు. అనుకోకుండా బహుమతి అందుకున్నవాళ్ళలో ఆ ఇష్టం తగ్గలేదు.

బొమ్మల విషయంలో నాకు భయం ఇక్కడే. బొమ్మ చేతికి అందే వస్తువు. ఫొటో తీసి గ్రూపులో పెట్టొచ్చు, పోటీకి పంపొచ్చు, చుట్టాలొస్తే చూపించొచ్చు. అందుకే పెద్దవాళ్ళ చెయ్యి అందులో త్వరగా పడుతుంది. మూడు నాలుగేళ్ళ పిల్లలు మనిషిని వేస్తే కాళ్ళు తలకాయలోంచే వస్తాయి, పొట్టా మెడా ఉండవు. ఇంకొంచెం పెద్దయ్యాక కాగితం అడుగున గీత గీసి అదే నేల అంటారు. ఇల్లు వేస్తే గోడలోంచి లోపలి మంచం కూడా కనిపిస్తుంది. ఇవి దిద్దాల్సిన తప్పులు కావు, ఎదిగే క్రమంలో చాలామంది పిల్లలు దాటే మెట్లు. "మెడ ఏదీ?" అని అడిగితే ఆ పిల్ల మెడ వేస్తుంది. ఆ తర్వాత ప్రతి బొమ్మకీ మన మొహం చూడటం మొదలుపెడుతుంది. "దీని గురించి చెప్పు" అంటే సరిపోతుంది.

తొమ్మిది పదేళ్ళకి పరిస్థితి మారుతుంది. ఉన్నది ఉన్నట్టు రావాలన్న పట్టుదల అప్పుడు మొదలవుతుంది, రాకపోతే "నాకు డ్రాయింగ్ రాదు" అని చాలామంది పూర్తిగా మానేస్తారు. నీడలు వేయడం, దూరం దగ్గర చూపించడం నేర్పే క్లాసు ఆ వయసులో నిజంగా పనికొస్తుంది. ఐదేళ్ళకి మాత్రం చేతికందే చోట కాగితాలు, క్రేయాన్లు ఉంటే చాలు.

రాయించడం దగ్గర రెండు పనులు కలిసిపోయి ఉన్నాయి: కథ అల్లడం, అక్షరాలు రాయడం. ఐదారేళ్ళ పిల్లల నోరు వెళ్ళినంత వేగంగా చెయ్యి వెళ్ళదు. పులి బడికెళ్ళిన కథ ఊపిరి తిరక్కుండా చెప్పే పిల్లాడు, పెన్సిల్ ఇవ్వగానే "ఒక పులి ఉంది" అని రాసి ఆపేస్తాడు. ఒత్తు ఎలా పెట్టాలో తెలియని మాటను వదిలేసి తెలిసిన మాటతో సరిపెట్టుకుంటాడు. కథ చిక్కిపోతుంది. పైన ఎర్ర ఇంకు కూడా పడితే ఇక ఆ నోటుబుక్కు తనంతట తాను తెరవడు. అందుకే ఏడేళ్ళ లోపు పిల్లలకు సొంతంగా రాసే పనిని నేను చివరికి నెడతాను. దానికి వేరే సమయం ఉంది.

కానీ కథను వదలక్కర్లేదు. షికాగో విశ్వవిద్యాలయ లాబొరేటరీ స్కూల్స్‌లో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పిన వివియన్ పేలీ దీనికి తేలికైన దారి చూపించారు. పిల్లలు చెబుతారు, టీచర్ రాసుకుంటుంది. తర్వాత అందరూ కలిసి ఆ కథను ఆడతారు. ఏ వేషం కావాలో కథ చెప్పిన పిల్లే ఎంచుకుంటుంది. ఖర్చు లేదు, తయారీ లేదు. కష్టమంతా పెద్దవాళ్ళకే: చెప్పింది చెప్పినట్టే రాయాలి. "టీచర్ భయపడలేదు, ఎందుకంటే టీచర్ కూడా పులే" అంటే అదే రాయాలి. నీతి అడగకూడదు, ముగింపు అందించకూడదు. రాస్తూ పైకి చదివితే తను చెప్పిన మాట కాగితం మీదికి ఎలా వెళుతోందో పిల్లలకు కనిపిస్తుంది. అక్షరాల మీద ఆసక్తి పుట్టడానికి కాపీ రైటింగ్ కంటే ఇదే నయమని నా అనుభవం. కొన్నాళ్ళకి వాళ్ళే వచ్చి "రాసుకో" అంటారు. ఇంట్లో ఇద్దరు ముగ్గురే ఉన్నా ఇది నడుస్తుంది. పులి వేషం మీకు పడొచ్చు, అంతే.

ఇక ఆట. నా కొలత ప్రకారం దీనికి పోటీయే లేదు. మనం వెళ్ళిపోయాక పిల్లలు ఆడతారా అని ఎవరూ అడగరు. కర్రను గుర్రం చేసుకునే పిల్లాడి గురించి రష్యన్ మనస్తత్వ శాస్త్రవేత్త లెవ్ వైగోట్‌స్కీ 1933లో చేసిన ప్రసంగంలో ఇంకో మంచి ఉదాహరణ ఉంది. నిజంగా అక్కాచెల్లెళ్ళయిన ఇద్దరు పిల్లలు "అక్కాచెల్లెళ్ళాట" ఆడతారు. మామూలుగా ఆలోచించకుండా ఉండే బంధం ఆటలోకి రాగానే నియమమవుతుంది: ఇలా నడవాలి, ఇలా మాట్లాడాలి, ఇది ఇద్దరం పంచుకోవాలి. ఎవరూ చెప్పకుండానే తమకు తాము నియమాలు పెట్టుకుని పాటించడం అంటే ఇదే. చిన్నపిల్లలకు క్రమశిక్షణ రాదని బెంగపడేవాళ్ళు ఓసారి బడి ఆటలో టీచరైన పిల్లని గమనించండి.

ఆటలో లోపం లేదని కాదు. ఎప్పుడూ ఒకరే రాజు అవుతారు, ఎప్పుడూ ఒకరికే కుక్కపిల్ల వేషం పడుతుంది. అప్పుడు పెద్దవాళ్ళు తీర్పు చెప్పేకంటే తామే ఒక వేషం అడిగి లోపలికి వెళ్ళి, "ఈ కుక్కపిల్లకి దారి తెలుసట, రాజుగారూ" అనడం మంచిది. మూడేళ్ళవాళ్ళు ఒకరి పక్కన ఒకరు కూర్చుని ఎవరి ఆట వాళ్ళు ఆడుకుంటే కలిపి ఆడించాలని తొందరపడొద్దు. ఆ వయసుకి అది మామూలే.

మట్టి, పిండి ముద్దలు చాలా మంచివి, శుభ్రం చేసే ఓపిక ఉంటే. రంగులు నింపే పుస్తకాలు ప్రయాణంలో పనికొస్తాయి. ఫోన్లో బొమ్మలేసే యాప్‌ల గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు.

కాబట్టి ఐదేళ్ళ లోపు అయితే ఆటే. ఐదు నుంచి ఏడు దాకా ఆటతో పాటు చెప్పి రాయించుకునే కథ, దాన్ని ఆడటం. సొంతంగా రాయడం ఆ తర్వాత. బొమ్మలు అన్ని వయసుల్లోనూ పక్కనే ఉండాలి, తొమ్మిది పదేళ్ళ దాకా క్లాసు లేకుండా.

ఈ వరుస కుదరని పిల్లలు ఒకరకం ఉన్నారు: గుంపులో కలవనివాళ్ళు, అడిగితే నోరు విప్పనివాళ్ళు. వాళ్ళతో మాత్రం నేను బొమ్మతోనే మొదలుపెడతాను. ఎదురుగా కాకుండా పక్కన కూర్చుని మీ కాగితం మీద మీరు వేసుకోండి. ఏం వేస్తున్నావని అడగొద్దు. మీ బొమ్మ ఎంత అధ్వానంగా ఉంటే అంత మంచిది. దాన్ని దిద్దడానికైనా వాళ్ళు మాట్లాడతారు.