గ్లూ గన్ చాలాకాలం వాడాక: గోడకు సరే, గుమ్మం తోరణానికి దారమే దిక్కు

స్టిక్ అనే ప్లాస్టిక్ జిగురు కడ్డీని కరెంటు వేడితో కరిగించి చుక్కలుగా వదిలే పరికరమే గ్లూ గన్. దాని మీద నాకున్న కోపమంతా ఒక్క విషయంలోనే. దాని అతుకు మన ఎండకు ఆగదు. మిగతా లోపాలకు ఏదో ఒక సర్దుబాటు ఉంది. దీనికి మాత్రం పని చేసే పద్ధతే మార్చుకోవాలి. ఆ మాట పెట్టె మీద రాయరు, నేర్పే వీడియోల్లో చెప్పరు. పడమటి ముఖం గుమ్మానికి చేత్తో చేసిన తోరణం కట్టినవాళ్లకు ఏప్రిల్ చివరికల్లా తెలిసిపోతుంది.

నేను వాడుతున్నది 60 వాట్లది, 11 మిల్లీమీటర్ల స్టిక్ పట్టేది. ఎలా వాడాలో అందరికీ తెలిసిందే, ఆ జోలికి పోను. శుభలేఖల అట్టలు, పాత పట్టుచీర అంచులు, గోనెగుడ్డ, గాజులు, గవ్వలు, కొబ్బరి చిప్పలు, ఐస్‌క్రీం పుల్లలు... పెద్దగా ఖర్చు లేకుండా ఇల్లు అలంకరించుకునేవాళ్ల దగ్గర ఉండే సరుకంతా దీంతో అతికించాను. ఫెవికాల్ రాసి, పైన బరువు పెట్టి, తెల్లారేదాకా ఆగాల్సిన పని అర నిమిషంలో అయిపోతుంటే ఎవరికైనా ముచ్చటేస్తుంది. ఆ వేగం నిజమే, ఇప్పటికీ ఒప్పుకుంటాను. కాకపోతే వేగంగా పట్టినదల్లా గట్టిగా పట్టినట్టు కాదు.

తోరణం సంగతే వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ గన్ బలహీనత అంతా అక్కడే బయటపడుతుంది.

మూడడుగుల గుమ్మానికి 38 అంగుళాల పొడవు, మూడంగుళాల వెడల్పు పట్టీ కావాలి. ముందువైపు గోనెగుడ్డ, వెనకవైపు దర్జీలు కాలర్లకు వాడే బక్రం. రెండు చివర్లా ఒక్కో అంగుళం వదిలి, మూడంగుళాలకు ఒకటి చొప్పున పెడితే 13 మామిడాకులు సరిపోతాయి. ఒక్కో ఆకు ఐదంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పు. లోపల అట్ట, పైన ఆకుపచ్చ గుడ్డ, కొసన ఒక మువ్వ. పట్టీ మీద జరీ అంచు, దాని మీద గవ్వలో అద్దాలో. అందరూ చూపించే పద్ధతిలో వీటన్నిటినీ గ్లూతోనే అతికించేస్తారు: ఆకు మెడ దగ్గర ఒక చుక్క, మువ్వకు ఒక చుక్క, పట్టీ చివర కొక్కేనికి ఇంకో చుక్క.

చేసిన రోజు లాగి చూస్తే ఊడదు. ఉగాదికీ బాగానే ఉంటుంది. ఎండలు ముదిరాక మొదలవుతుంది. ఆకు ఉన్నట్టుండి రాలిపోదు. మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలప్పుడు దగ్గరికెళ్లి చూస్తే, ఆకు మెడ దగ్గర గ్లూ పాకం తీగలా సాగి, ఆకు బియ్యపు గింజంత కిందికి దిగి ఉంటుంది. రాత్రి చల్లబడ్డాక సాగినది సాగినట్టే గట్టిపడుతుంది. మర్నాడు మళ్లీ ఎండ, మళ్లీ ఇంకో గింజంత. పొద్దున పూట చూసేవాళ్లకు అతుకు గట్టిగానే తగులుతుంది, ఆకుల వరస మాత్రం వంకరగా కనిపిస్తుంది. అలా కొన్నాళ్లు జారి, ఎవరో తలుపు విసురుగా వేసినప్పుడు రాలుతుంది. అందరూ తలుపును తిడతారు. అసలు పని ఎండ అప్పటికే కానిచ్చేసింది.

కారణం స్టిక్‌లోనే ఉంది. ఇది ఇథిలీన్ వినైల్ అసిటేట్ అనే ప్లాస్టిక్, దానికి జిగట కోసం రెజిన్, కొంత మైనం. ఫెవికాల్‌లో నీరు ఆరిపోయి జిగురు మిగులుతుంది. ఇందులో ఆరేదేమీ లేదు, కరిగింది చల్లబడి గట్టిపడుతుంది, అంతే. వేడి తగిలితే మళ్లీ వెనక్కి పోతుంది. పూర్తిగా కరగడానికి చాలా వేడి కావాలి గానీ, బరువు వేలాడుతుంటే అంతకన్నా చాలా ముందే మెత్తబడి సాగుతుంది. రెంటచింతల, రామగుండం వైపు గాలిలో వేడే 45 డిగ్రీల దాకా పోతుంది. ఎండ నేరుగా పడే ఇనుప గ్రిల్లు చెయ్యి ఆననివ్వదు. అలాంటి గ్రిల్లుకు ఆనుకుని ఉన్న గ్లూ నిలవాలనుకోవడం అత్యాశ. చెక్క ద్వారబంధం కాస్త నయం. దోమల జాలీ తలుపుకూ అసలు తలుపుకూ మధ్య వేలాడదీస్తే మరీ అన్యాయం, ఆ సందులో వేడి కదలదు. రంగు కూడా లెక్కలోకి వస్తుంది. మెరూన్, ముదురు ఆకుపచ్చ గుడ్డలు మీగడ రంగు గుడ్డకన్నా ఎక్కువ వేడెక్కుతాయి, వాటి వెనక గ్లూ ముందు జారుతుంది. ఎండలో ఆపిన కార్లో అద్దం దగ్గర వేలాడే బొమ్మలకూ ఇదే గతి.

ఇంకొంచెం గ్లూ పెడితే ఆగుతుందని చాలామంది అనుకుంటారు. ఆగదు. మందంగా పెట్టిన చుక్క మెత్తబడినప్పుడు సాగడానికి ఇంకా ఎక్కువ చోటు దొరుకుతుంది. పలచగా, వెడల్పుగా ఉన్న అతుకే కాస్త మెరుగు. అది కూడా కాస్తే.

నిలిచే పద్ధతి వేరు. బరువు దారం మొయ్యాలి, గ్లూ వస్తువును దాని చోట నిలబెడితే చాలు. ముందు ఆకు లోపల శుభలేఖ అట్ట మానేసి బక్రం పెట్టండి. అట్ట వానాకాలం గాలిలోని చెమ్మకు వంకర తిరుగుతుంది. పై గుడ్డ మెడ దగ్గర బక్రం కన్నా అంగుళం ఎక్కువ ఉండేలా కత్తిరించాలి. ఆ అంగుళం గుడ్డను గోనెపట్టీకీ వెనక బక్రానికీ మధ్యలో దూర్చి, పట్టీ కింది అంచు నుంచి అర అంగుళం పైన ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క వరస కుట్టు వెయ్యాలి. మిషను ఉంటే ఐదు నిమిషాల పని. లేకపోతే దబ్బనం, రెండు పేటల పాలిస్టర్ దారం. నైలాన్ దారం ఎండకు తొందరగా పెళుసెక్కుతుంది, పాలిస్టర్ మేలు. కుట్టేముందు 13 ఆకులూ జరగకుండా ఒక్కో చుక్క గ్లూ పెట్టుకోండి. గుండుసూదుల బదులు అదే పట్టుకుంటుంది, ఆ పనికి గన్‌ను మించింది లేదు. కుట్టు గీత మాత్రం ఆ చుక్కల మీదుగా పోకూడదు. పోతే సూదికి జిగురంటుకుని దారం తెగుతుంది.

మువ్వను అతికించొద్దు. ఆకు కొసకు దారంతో కట్టి, ముడి మీద చిన్న చుక్క వెయ్యండి. ముడి విడిపోకుండా చూడటమే ఆ చుక్క పని, దాని మీద బరువు పడదు. ఇలా వేసిన చుక్కలు వేసవులు దాటినా కదల్లేదు. కొక్కెం కూడా అంతే, పట్టీ రెండు చివర్లా గుడ్డ మడిచి కుట్టి అందులోంచి దూర్చాలి. గోనెగుడ్డ పోగులు ఊడకుండా, కత్తిరించబోయే గీత వెంట ఒక వంతు ఫెవికాల్, రెండు వంతుల నీళ్లు కలిపి బ్రష్‌తో రాసి, ఆరాక కత్తిరించాలి. కత్తిరించాక రాస్తే లాభం లేదు, అప్పటికే అంచు విచ్చుకుంటుంది.

కొబ్బరి చిప్ప ముక్కలు తోరణానికి పెట్టేవాళ్లు రెండు మిల్లీమీటర్ల డ్రిల్లు బిట్‌తో బెజ్జం వేసి దారంతో కట్టుకోండి. చిప్ప లోపలివైపు నూనె జిడ్డు ఉంటుంది, గ్లూ పట్టినట్టే ఉండి పెచ్చులా లేచిపోతుంది. గోడ మీదికైనా సరే, ముందు 80 నంబరు ఎమ్రీ కాగితంతో గట్టిగా రుద్ది, సబ్బుతో కడిగి, బాగా ఆరబెట్టాకే అతికించాలి.

పట్టుచీర అంచు దగ్గర ఇంకో జాగ్రత్త. గ్లూ బట్టలోకి ఇంకదు, పైనే గడ్డకడుతుంది. పలచటి గుడ్డ మీద ఆ గడ్డ మచ్చలా కనిపిస్తుంది. జార్జెట్ అయితే ఆ వేడికి ముడుచుకుంటుంది. జరీ మీద నేరుగా పెడితే తర్వాత తీసేటప్పుడు జరీ పోగులూ లేచొస్తాయి. అమ్మమ్మల కాలం నాటి మంచి అంచు ఉంటే దానికి గన్ తాకించకండి, సన్న కుట్టు వేసుకోండి. మళ్లీ దొరికే వస్తువు కాదది.

ఇక గోడల సంగతి. లోపలి గదుల్లో, ఎండ తగలని గోడకు వేలాడే వాటి విషయంలో నాకు ఈ గన్ మీద ఫిర్యాదు లేదు. నేను ఊహించని ఉపయోగం కూడా అక్కడే కనబడింది, ఫెవికాల్‌తో జోడీగా వాడటం. ఐస్‌క్రీం పుల్లల ఫ్రేము, అట్ట మీద చెక్క, చెక్క మీద గోనెగుడ్డ, ఏదైనా సరే. మధ్యలో ఫెవికాల్ పలచగా పూసి, మూలల్లో రెండు చుక్కలు గ్లూ పెట్టి, అర నిమిషం అదిమి పట్టుకుని వదిలెయ్యండి. గ్లూ క్లిప్పులా పట్టుకుని ఉంటుంది, రాత్రికి ఫెవికాల్ ఆరి అసలు బరువు తను తీసుకుంటుంది. రెండిటి మధ్య బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. తడి ఫెవికాల్‌కు వేడి గ్లూ తగిలితే నీరు ఆవిరై బుడగలొచ్చి రెండూ చెడతాయి. అతికించే రెండు వైపుల్లో ఒకటైనా నీరు పీల్చేదై ఉండాలి. గాజు మీద ప్లాస్టిక్ అంటే ఫెవికాల్ ఆరే దారి ఉండదు. వాన జల్లు కొట్టే చోట కూడా ఈ జోడీ నమ్మదగింది కాదు, మామూలు తెల్ల ఫెవికాల్ తడికి మళ్లీ మెత్తబడుతుంది.

గాజు సీసాకు జనపనార తాడు చుట్టడం దీంతో హాయి. మొదటి చుట్టుకూ చివరి చుట్టుకూ పూర్తిగా, మధ్యలో అంగుళానికో చుక్క చాలు, మిగతాది తాడు బిగువే చూసుకుంటుంది. చలికాలం పొద్దున మాత్రం సీసా చల్లగా ఉంటుంది. వేడి గ్లూ తాకీ తాకగానే గడ్డకట్టి, గాజును సరిగా అంటుకోకుండానే పైన తేలుతుంది. కాసేపు ఎండలో పెట్టి, గోరువెచ్చగా అయ్యాక మొదలెట్టండి. స్టీలు, నునుపు టైలు అన్నిటికీ ఇదే మాట. పాలిథీన్ కవర్లు, మెత్తటి ప్లాస్టిక్ డబ్బాలకు ఎంత వెచ్చబెట్టినా పట్టదు. థర్మోకోల్ మీద 60 వాట్ల గన్ పెడితే అతకడం అటుంచి గుంట పడుతుంది. బొమ్మల కొలువు మెట్లకు థర్మోకోల్ వాడేవాళ్లు ఫెవికాల్‌తోనే సరిపెట్టుకోవడం మంచిది.

తప్పుగా అతికితే తీయడం తేలికే. గాజు, టైలు మీద గ్లూ అంచు చుట్టూ సర్జికల్ స్పిరిట్ నాలుగు చుక్కలు వేసి ఓ నిమిషం ఆగితే గోటితో లేచొస్తుంది. పూస, గవ్వ పాడవకుండా చేతికొస్తాయి. డబ్బు చూసుకుని పని చేసేవాళ్లకు ఇది చిన్న లాభం కాదు. డిస్టెంపర్ వేసిన గోడకు నేరుగా అతికించినది మాత్రం తీస్తే రంగుతో సహా, ఒక్కోసారి లప్పంతో సహా ఊడొస్తుంది. అక్కడ మేకే నయం.

గన్ యంత్రం గురించి రెండు మాటలు. ట్రిగ్గర్ నొక్కినా గ్లూ రావట్లేదంటే గన్ పోయిందని పారేయకండి. విడిగా అమ్మే చవక స్టిక్‌లు కొన్ని 11 మిల్లీమీటర్ల కన్నా సన్నగా ఉంటాయి, లోపలి పన్ను వాటిని పట్టుకోలేక జారుతుంది. సన్న స్టిక్ చుట్టూ ఉన్న సందులోంచి కరిగిన గ్లూ వెనక్కి కారి, గొట్టంలో గడ్డకట్టి, గన్‌ను నిజంగానే పాడుచేస్తుంది కూడా. కొత్త స్టిక్ దూర్చినప్పుడు కొంచెం బిగుతుగా తగలాలి. సరిగా వేడెక్కకముందే బలంగా నొక్కినా, వేడిగా ఉన్న గన్‌ను పక్కకు పడుకోబెట్టినా వెనక్కి కారడం ఖాయం. కింద ఒక పాత టైలు ముక్క పెట్టుకుంటే కారిన చుక్కలు చల్లారాక గీకి తీసెయ్యొచ్చు. చర్మం మీద పడితే లాగకండి, తోలు ఊడొస్తుంది. ముందు చల్లటి నీళ్ల కింద పెట్టండి.

కొనాలా వద్దా అంటే మీ గుమ్మం ఎటు చూస్తుందో, ముందు వసారా ఉందో లేదో చూసుకోవాలి. తూర్పు ముఖం, పైన నీడ, పండగ కాగానే తీసి దాచిపెట్టే తోరణం అయితే అంతా గ్లూతో చేసుకున్నా బహుశా ఇబ్బంది రాదు. ఎండ పడే గుమ్మానికి ఏడాది పొడవునా ఉంచేవాళ్లకు, చేసి అమ్మేవాళ్లకు, కుట్టు రాకుండా ఇదొక్కటే కొనడం వృథా. ముందు దబ్బనం, పాలిస్టర్ దారం, ఆ తర్వాత గన్. పూసలు, కాగితం పూల వంటి సన్నపని మాత్రమే చేసేవాళ్లకు 60 వాట్లు కూడా అక్కర్లేదు. 7 మిల్లీమీటర్ల స్టిక్ పట్టే 20 వాట్లది చాలు, చుక్క చిన్నగా వస్తుంది. మా ఇంటి గుమ్మం పడమర, పైన సన్‌షేడ్ కూడా పొట్టిది, నా మాటల్లో ఆ ఎండ కొంత ఉండి ఉండొచ్చు.