బొంతల బండి వాళ్ళకి పాత చీరలు ఇవ్వచ్చా?

నెల్లూరులో వానలు వెనకబట్టి రాత్రుళ్ళు చలి తగిలే రోజులొస్తే చాలు, మా మూలాపేట వీధుల్లోకి బొంతల బండి వచ్చేస్తుంది. పాత చీరలు ఇస్తే ఇంటి ముందే బొంత కుట్టిచ్చే ట్రాలీ ఆటో, అందులో ఒక కుట్టు మిషను, మైకులో ఆగకుండా తిరిగే రికార్డు. ఆ మైకు వినబడగానే ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నా గుమ్మం ముందుకొస్తారు. నేనూ బొంతలు కుట్టే మనిషినే కదా, చంటిపిల్లల బొంతలకి ఆర్డర్లు తీసుకుంటాను. దానికి తోడు ఊరూరి బొంతలు కొని ట్రంకు పెట్టెలో దాచుకునే పిచ్చి ఒకటి. "అక్కా, వీళ్ళకి ఇవ్వచ్చా?" అని అడుగుతారు. ఊరికే మాట చెప్పడం దేనికని పోయిన చలికాలం నేనే ఇచ్చి కుట్టించుకున్నాను.

తేల్చి చెప్పాలంటే, సింథటిక్ చీరలైతే కళ్ళు మూసుకుని ఇవ్వండి. బాగా నలిగిన నూలు చీరలు మాత్రం ఇవ్వద్దు.

చీర ఐదున్నర మీటర్లు. మధ్యకి మడిస్తే ఒంటి మంచానికి సరిపోయి ఇంకాస్త మిగులుతుంది. నేను మూడు ఫ్యాన్సీ చీరలు (సింథటిక్‌వే), వాటి మీదికి మా అత్తగారు కట్టి వదిలేసిన వెంకటగిరి నూలు చీర ఒకటి ఇచ్చాను. కుట్టే కుర్రాడికి ఇరవై ఏళ్ళుంటాయేమో. మా వరండా ప్లగ్గులోంచి వైరు లాక్కున్నాడు (కరెంటు మనదే, కూలి మాట్లాడుకునేటప్పుడే ఆ సంగతి గుర్తు పెట్టుకోండి). చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, రెండు చేతులా సవరించి, నేరుగా మిషను కిందకి తోసేశాడు.

"టాకాలు వెయ్యవా నాయనా?" అన్నాను. పొరలు జరక్కుండా ముందుగా వేసే పెద్ద పెద్ద కుట్లే టాకాలు.

"టాకాలేస్తా కూర్చుంటే రోజుకి నాలుగు బొంతలు కూడా తెగవమ్మా. మాకు గిట్టదు."

అదీ నిజమే. కానీ టాకా వెయ్యకపోతే ఏమవుతుందో నిలబడి చూశాను. మిషనులో కింద పళ్ళు కింది గుడ్డని ముందుకి లాగుతుంటాయి, పైన పాదం పై గుడ్డని నొక్కి పట్టుకుంటుంది. నాలుగు చీరల మందం ఉన్నప్పుడు కింది పొర ముందు పోతుంది, పైది వెనకబడుతుంది. ఒక్కో వరసకీ కొంచెం కొంచెం పోగుపడి, చివరికొచ్చేసరికి నాలుగు వేళ్ళ గుడ్డ మిగిలింది. వాడు దాన్ని మడత పెట్టి ఆ మడత మీద నుంచే కుట్టేసుకుపోయాడు. పడుకుంటే ఆ మడత కాళ్ళ దగ్గర తగులుతూనే ఉంటుంది. వరసకీ వరసకీ మధ్య నాలుగు వేళ్ళ ఎడం అన్నాడు, ఒకచోట ఆరు వేళ్ళుంది. అరగంటలో పని ముగించాడు. 350 రూపాయలు.

చేత్తో కుట్టిన పెద్ద బొంతకి నేను 3,000 తీసుకుంటాను, అదీ వారం పని. కాబట్టి ఈ రెంటికీ పోటీ పెట్టను. 350కి ఇది మంచి బేరమే.

రొట్టెల పండక్కి బారాషహీద్ దర్గాకని మా ఇంటికి చుట్టాలు దిగుతారు. మంచాలు చాలవు, హాల్లో వరసగా పక్కలు వేసేస్తాం. ఈ బొంత అక్కడ బాగా పనికొచ్చింది. గచ్చు మీద వేసినా వీపు నొయ్యలేదు, పిల్లాడు పాలు ఒలకబోస్తే బకెట్లో ముంచి పిండితే సాయంత్రానికి ఆరిపోయింది. ముతక దూది బొంతయితే రెండ్రోజుల ఎండ కావాలి.

అసలు తేడా వెంకటగిరి చీర వైపు బయటపడింది. బండి వాళ్ళు వాడేది పాలిస్టర్ దారం. అది తెగదు. నలిగిన నూలు గుడ్డేమో తెగుతుంది. ఉతికినప్పుడల్లా, పిండినప్పుడల్లా దారం గుడ్డని కోసుకుంటూ పోయింది. ముందు సూది రంధ్రాలు పెద్దవయ్యాయి, తర్వాత రెండు రంధ్రాలు కలిసిపోయాయి, ఇప్పుడు ఒక వరస పొడుగునా వేలు దూరేంత చీలిక. ఫ్యాన్సీ చీర ఉన్న వైపు దారం చెక్కుచెదరలేదు, గుడ్డా చెదరలేదు. గుడ్డ కంటే దారం బలహీనంగా ఉండాలి. దారం తెగితే మళ్ళీ కుట్టుకోవచ్చు, గుడ్డ చిరిగితే ఏం చేస్తాం?

బొంత ఎవరు తెచ్చి చూపించినా నేను ముందు తిరగేసి వెనక వైపు చూస్తాను. కుట్టిన మనిషి చెయ్యి అక్కడే తెలుస్తుంది. నా పెట్టెలో ఉన్నవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైంది సిద్దీల కవండి. ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చి ఉత్తర కన్నడ జిల్లాలో ఎల్లాపురం, హళియాళ వైపు స్థిరపడినవాళ్ళ ఆడవాళ్ళు కుట్టేది. వాళ్ళు అంచు దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ, గుడ్డ ముక్కలు చేరుస్తూ నడిమికి వస్తారు. ఎగస్ట్రా గుడ్డ ఎక్కడైనా పోగుపడితే దాన్ని వేలితో ముందుకి నెట్టుకుంటూ పోవచ్చు, మన కుర్రాడికొచ్చిన తంటా రాదు. నాలుగు మూలలా మడిచిన చిన్న త్రికోణం ముక్కలు పెడతారు, వాటిని ఫూల అంటారు. అవి లేకపోతే కవండి బోసిగా ఉన్నట్టే లెక్క. నా దాంట్లో ఒక మూల ఫూల ఎరుపు, మిగతా మూడూ పసుపు. ఎరుపు గుడ్డ అంతే ఉందో, కావాలనే అలా పెట్టిందో కుట్టినామెనే అడగాలి.

మా వాళ్ళకి ఈ పిచ్చి అర్థం కాదు. "కప్పుకోని బొంత పెట్టెలో ఎందుకే?" అంటుంది మా అమ్మ. అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అని ఒక పల్లె. అక్కడి నల్లజాతి ఆడవాళ్ళు మగవాళ్ళ చిరిగిన పని బట్టలతో చలికి కప్పుకోవడానికి బొంతలు కుట్టుకునేవాళ్ళు. 2002లో అవే న్యూయార్కులో విట్నీ మ్యూజియం గోడలెక్కాయి. ఆ ఫొటోలు ఫోన్లో చూపించాను. అమ్మ కాసేపు చూసి, "గీతలు వంకరగా పోయినాయే" అంది. పోయాయి. అందుకే అంత బాగున్నాయి.

ఆ లెక్కన బండి బొంతలో కూడా ఒకటి నాకు నచ్చింది. మనం కుట్టేటప్పుడు కొంగుని కాళ్ళ వైపుకో అంచు లోపలికో నెట్టేస్తాం. ఆ కుర్రాడికి అదేం పట్టింపు లేదు. మీద వేసిన చీరని ఎటు చేతికి దొరికితే అటు పరిచేశాడు. కొంగు బొంతకి సరిగ్గా నడిమిన అడ్డంగా పడింది. నీలం మీద ఎర్రటి పట్టీ, ఎవరో కొలిచి పెట్టినట్టు. ఈ మధ్య ఒక చంటిబిడ్డ బొంతకి నేనూ కొంగుని నడిమినే వేశాను, ఆ పిల్ల అమ్మమ్మ ఫోన్ చేసి మరీ బాగుందంది.

ఇవ్వాలనుకుంటే చీరలు ముందు ఒకసారి గోరువెచ్చటి నీళ్ళలో జాడించి గంజి వదిలించండి. జరీ చీర పొరపాటున కూడా పైన వద్దు, పోగు తెగితే రాత్రంతా గుచ్చుకుంటుంది, లోపలి పొరగా వేయించండి. వరసల ఎడం మీ చేత్తో కొలిచి చూపించి, మూడు వేళ్ళే అని గట్టిగా చెప్పండి. నాలుగు వైపులా పెద్ద పెద్ద టాకాలు మీరే వేసి ఇస్తే ఆ మడత బాధ సగం తగ్గుతుంది, వాళ్ళు కాదనరు. నూలు చీరే ఇవ్వాలని పట్టుబడితే పెద్ద బజారులో కాటన్ దారం రీలు కొనుక్కొచ్చి చేతిలో పెట్టండి. దారం మనదైతే 20 రూపాయలు తగ్గిస్తారు కూడా, అడగాలి.