మోస్ట్ వాంటెడ్‌కు వైడ్‌స్క్రీన్ ఫిక్స్: చాలాకాలం వాడాక

2005లో వచ్చిన నీడ్ ఫర్ స్పీడ్: మోస్ట్ వాంటెడ్ పీసీ వెర్షన్ సెట్టింగ్స్‌లో వైడ్‌స్క్రీన్ రిజల్యూషన్ ఒక్కటీ కనిపించదు. గేమ్ వెడల్పు, ఎత్తు 4:3 నిష్పత్తిలో ఉన్న బొమ్మ ఇస్తుంది, దాన్ని 16:9 స్క్రీన్ నిండా లాగితే అడ్డంగా మూడో వంతు సాగుతుంది. కారు నెత్తిన మొట్టినట్టు పొట్టిగా, చక్రాలు కోలగా కనిపించేది అందుకే.

థర్టీన్ఏజీ అనే మాడర్ ఉచితంగా ఇస్తున్న, ఈ లోపాన్ని సరిచేసే వైడ్‌స్క్రీన్ ఫిక్స్‌ను చాలాకాలంగా వాడుతున్నాను. ఈ గేమ్ వరకు ఇంతకంటే మంచి దారి లేదు. జిప్‌లోని డీఇన్‌పుట్8.డీఎల్ఎల్, స్క్రిప్ట్స్ ఫోల్డర్ రెండింటినీ గేమ్‌ను నడిపే స్పీడ్.ఈఎక్స్ఈ ఫైల్ ఉన్నచోటే పెట్టాలి. విండోస్ ముందుగా గేమ్ ఫోల్డర్‌లోని డీఎల్ఎల్‌నే అందుకుంటుంది, అది స్క్రిప్ట్స్‌లో ఉన్న, అసలు దిద్దుబాటు చేసే ఏఎస్ఐ ఫైల్‌ను లోడ్ చేస్తుంది. గేమ్ ఫైళ్లేవీ మారవు. వద్దనుకుంటే ఆ రెండూ తీసేస్తే చాలు.

ఎక్కువమంది దగ్గర బెడిసికొట్టేది ఈఎక్స్ఈ దగ్గరే. ఈ ఫిక్స్ గేమ్ 1.3 వెర్షన్ ఇంగ్లిష్ ఈఎక్స్ఈకే పనిచేస్తుంది. ఆ ఈఎక్స్ఈ సైజు కచ్చితంగా 60,29,312 బైట్లు ఉండాలి. మెమరీలో ఏ అంకె ఎక్కడుందో చూసి మార్చే పని కాబట్టి వెర్షన్ మారితే ఆ చోట్లూ మారిపోతాయి. సైజు తేడాగా ఉంటే ముందు 1.3 ప్యాచ్ వేయండి, ఫిక్స్ తర్వాత. సైజు సరిగానే ఉన్నా ఏ మార్పూ లేకపోతే యాంటీవైరస్ క్వారంటైన్ చూడండి, డీఎల్ఎల్ అక్కడ ఇరుక్కుని ఉండొచ్చు.

ఫిక్స్ సెట్టింగ్స్ ఉండే ఐఎన్ఐ ఫైల్‌లో రెజ్‌ఎక్స్ (వెడల్పు), రెజ్‌వై (ఎత్తు) 0గా ఉంటే డెస్క్‌టాప్ రిజల్యూషన్ దానంతటదే తీసుకుంటుంది. ల్యాప్‌టాప్‌లో డిస్‌ప్లే స్కేలింగ్ 125 శాతం ఉంటే మాత్రం పాత ప్రోగ్రామ్‌లకు విండోస్ 1920x1080ని 1536x864గా చెబుతుంది. బొమ్మ మసకగా వస్తే కారణం అదే కావచ్చు. 1920, 1080 అని స్వయంగా రాసి, ఈఎక్స్ఈ ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ కింద హై డీపీఐ ఓవర్‌రైడ్‌ను అప్లికేషన్‌కు మార్చండి.

అదే ఐఎన్ఐలోని ఫిక్స్‌హడ్ మ్యాపులు, మీటర్ల లాంటి 2డీ సంగతి చూస్తుంది, ఫిక్స్‌ఎఫ్ఓవీ 3డీ దృశ్యం సంగతి. రెండూ 1గా ఉండాలి. సరిగ్గా పడిందో లేదో తేల్చుకోవడానికి రేసు మధ్యలో పాజ్ చేయకుండా గుండ్రటి మినీమ్యాప్ మీద స్కేలు పెట్టండి: నిలువు, అడ్డం కొలతలు సమానంగా రావాలి. అది గుండ్రంగా ఉండి కారు మాత్రం అణిగి ఉంటే ఫిక్స్‌ఎఫ్ఓవీ చూడండి. సరైన దిద్దుబాటులో పైనా కిందా కోత పడదు, పక్కల దృశ్యం పెరుగుతుంది. 4:3లో 90 డిగ్రీల చూపు 16:9లో సుమారు 106 అవుతుంది. మలుపులో పక్కరోడ్డు నుంచి దూసుకొచ్చే పోలీసు కారు కాస్త ముందే కళ్లబడుతుంది. ఈ ఒక్క లాభం చాలు నాకు.

అయితే ఇది బొమ్మ ఆకారాన్నే సరిచేస్తుంది. టెక్స్చర్లు (వస్తువుల పైన అతికే బొమ్మలు) 2005 నాటివే, పెద్ద స్క్రీన్ మీద వాటి గరుకుతనం ఇంకా బయటపడుతుంది.

ఫైళ్లతో కుస్తీ వద్దనుకునేవాళ్లు ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో స్కేలింగ్‌ను యాస్పెక్ట్ రేషియోకు, చేసే పనిని జీపీయూకు (గ్రాఫిక్స్ చిప్‌కు) మార్చుకోవచ్చు. అప్పుడు బొమ్మ సాగదు: 1920 వెడల్పులో నడుమ 1440 పిక్సెళ్లే వాడుకలో ఉంటాయి, రెండు పక్కలా 240 చొప్పున నలుపు. ఏ పాత గేమ్‌కైనా పనికొస్తుంది, కానీ మోస్ట్ వాంటెడ్‌ను అలా ఆడటం నాకు నచ్చదు.

లినక్స్‌లో విండోస్ గేమ్‌లను నడిపే ప్రోటాన్ మీద ఆడితే, దానిలోని వైన్ తన సొంత డీఇన్‌పుట్8ను వాడేసి ఫిక్స్‌ను పట్టించుకోదు. వైన్ సెట్టింగ్స్ ప్రోగ్రామ్ వైన్‌సీఎఫ్‌జీలో లైబ్రరీస్ ట్యాబ్‌లో డీఇన్‌పుట్8ను చేర్చి, నేటివ్ (గేమ్ ఫోల్డర్‌లోనిది) తర్వాత బిల్టిన్ (వైన్ సొంతది) అన్న వరస పెట్టండి.